నిలబెట్టకూడని కర్ర

మా ఇంట్లో కర్ర అనేది నిలబెట్టకూడదు. చీపురైనా, నిచ్చెనైనా, చెరుకుగడైనా పడుకోబెట్టాల్సిందే. ఎవరైనా చుట్టం తెలియక చేతికర్ర గోడకు ఆనిస్తే, అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి దాన్ని నేలమీద పెట్టి, ఆ తర్వాతే మంచినీళ్ళు ఇచ్చేది.

కారణం మా ముత్తవ్వ. అంటే మా అమ్మమ్మకు తల్లి. దొరవారిసత్రం దగ్గర మా ఊరు, వరి తప్ప ఇంకోటి తెలియని ఇల్లు. తూర్పున పులికాట్ సరస్సు, దానికవతల దీవి, దీవికి అవతల సముద్రం. ఎండాకాలం సరస్సులో నీళ్ళు మోకాటి లోతుకు తగ్గగానే ముత్తవ్వ కొంగు బిగించి, వెదురుకర్రతో బురద తడుముకుంటూ దీవికి నడిచిపోయేదట. ఏం పనుందని? ఏ పనీ లేదు. సముద్రం చూసి రావడానికి. కొంగులో నాలుగు గవ్వలు మూటగట్టుకుని వచ్చి, మొగుడి చేత తిట్లు తిని, మరుసటేడు మళ్ళీ పోయేది. ఒక యేడు రాలేదు. వెతకబోయినవాళ్ళు కర్ర మాత్రం తెచ్చారు. అది బురదలో నిటారుగా నిలబడి కనిపించిందట. మనిషిని బురద మింగేసిందన్నారు.

ఆ కర్ర ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పెద్దల పండగనాడు దానికి పసుపు పూసి, చీర పెట్టి దండం పెట్టుకుంటాం. అప్పుడు కూడా పడుకోబెట్టే.

నాకేమో ఆమె పోలిక అని పేరు. నా పెద్ద పాదాలు చూసి చుట్టాలు ఆ మాట అన్నప్పుడల్లా అమ్మ మొహం మాడిపోయేది. చిన్నప్పుడు సరస్సు వైపు నాలుగడుగులు వేస్తే చాలు, వీపు విమానం మోత మోగేది. ఆ భయం నాకూ పట్టుకుంది. బొమ్మలు వేయడం మొదలుపెట్టాక ఆ సరస్సు తప్ప ఇంకేదీ వేయలేకపోయాను, అదీ గట్టు మీద నుంచే. బొమ్మ ఆనించుకునే స్టాండు కూడా కర్రలే కదా, అమ్మ నిలబెట్టనివ్వదు. గుడ్డ నేలమీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని వేస్తాను. చెన్నైలో ప్రదర్శన పెడితే అది నా శైలి అని మెచ్చుకున్నారు. శైలీ లేదు, వంకాయా లేదు. మా అమ్మ భయం అది.

ఆ ప్రదర్శనలోనే ఒకావిడ, "అన్నీ గట్టు మీద నుంచి చూసినట్టే ఉన్నాయండీ. మీరెప్పుడూ లోపలికి దిగలేదా?" అని అడిగింది. యాభై దాటినదాన్ని, సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి వచ్చి కుంచె పట్టుకుంటే చెయ్యి కదలలేదు. నెలలు గడిచినా కదలలేదు. లోపలికి దిగితే తప్ప ఇక బొమ్మ వేయలేనని అర్థమైంది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున ముత్తవ్వ కర్ర తీసుకుని బయల్దేరాను. అమ్మ అడ్డుపడలేదు. నా వెంటే వచ్చి గట్టున కూర్చుంది. ఆమె ఆపకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నీళ్ళు చీలమండల దాకే ఉన్నాయి, కొంత దూరం బాగానే నడిచాను. తర్వాత కుడికాలు మోకాలి దాకా దిగింది. లాగబోతే ఎడమకాలు తొడ దాకా పోయింది. కర్ర నిటారుగా గుచ్చి బరువంతా దానిమీద వేశాను. అదీ నాతోపాటే దిగడం మొదలుపెట్టింది. పై ప్రాణాలు పైనే పోయాయి. ముత్తవ్వ ఇట్లాగే పోయి ఉంటుంది అనుకున్నాను.

"కర్ర పండబెట్టు పాపా," అని గట్టు మీద నుంచి అమ్మ గొంతు వినబడింది. "అడ్డంగా పండబెట్టి దానిమీద బోర్లా పండుకో. కాళ్ళు పీకబాక, అవే వస్తాయి."

పడుకున్నాను. మొహమంతా బురద, నోట్లో ఉప్పు, ఛాతీ కింద కర్ర. ఎంతసేపటికో కాళ్ళు మెల్లగా వదులయ్యాయి. పాక్కుంటూ గట్టుకు చేరేసరికి అమ్మ నా మణికట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"ఈ కిటుకు నీకెవరు చెప్పారు?" అన్నాను.

"ఆమే. మా అమ్మకు నేర్పింది, మా అమ్మ నాకు చెప్పింది."

"అంత తెలిసిన మనిషి బురదలో ఎట్ల పోయింది? అసలు బురదలో కర్ర నిలబడదు గదమ్మా."

అమ్మ కొంగుతో నా మొహం మీది బురద తుడిచింది.

"అది నిలబడింది బురదలో కాదు. దీవి ఒడ్డున, గట్టి ఇసకలో," అంది. "దాటినాక గుచ్చిపెట్టి పోయింది. ఆమెకేం కాలా. తిరిగి రాలా, అంతే. మా అమ్మ అప్పటికి చిన్నపిల్ల. నీయమ్మ నిన్ను వదిలేసి పోయిందని ఆ బిడ్డకు ఎట్ల చెప్తారు? బురద మింగిందని చెప్పినారు. పెద్దయినాక నిజం తెలుసుకుని మా అమ్మే నాకు చెప్పింది. నిలబడిన కర్ర చూస్తే ఇప్పటికీ నాకు అదే గుర్తొస్తాది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చచ్చిపోయిందంటే నువ్వు భయపడతావు. పోయి బతికిందంటే నువ్వూ పోతావు."

ఇన్నేళ్ళూ నేను బురదకు భయపడ్డాను. అమ్మ భయపడింది నాకు.

"మళ్ళా పోతావా?" అంది.

"పోనమ్మా," అన్నాను. కానీ అప్పటికే నా చూపు దీవి వైపు తిరిగింది. అది అమ్మ చూసింది. ఇంటికి చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.