ట్రాన్స్‌పోజ్ మార్చిన సారు

ఈ రోజు బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఫ్లాటుకు అల్మారా తలుపు బిగించడానికి వెళ్ళాను. హాల్లో, ఆనేకల్ నుంచి వచ్చే సంగీతం మాస్టారు కొత్త డిజిటల్ పియానో మీద శ్రుతి పట్టి ఆ ఇంటి పాప చేత పాడిస్తున్నారు. పై స్వరాల దగ్గర పాప గొంతు చీలిపోతోంది.

పెద్ద చదువులు చదివిన ఇంటాయన లేచాడు. “నాలుగు నెలల నుంచి నేర్పింది ఇదేనా? మీకు హార్మోనియం తప్ప ఇది రాదు మాస్టారూ. రేపట్నుంచి రావద్దు.”

మాస్టారు ఒక మెట్టు నొక్కి విన్నారు. “ఒకటో శ్రుతి నొక్కితే రెండు పలుకుతా ఉండాది సార్. ట్రాన్స్‌పోజ్, అదే శ్రుతి పెంచే బటన్, ఎవురన్నా మార్చినారా?”

“సౌండ్ రిచ్‌గా ఉంటుందని నిన్న నేనే పెంచాను. ప్రొఫెషనల్స్ అంతా అలాగే వాడతారు.”

మాస్టారు దాన్ని సున్నాకు తెచ్చారు. పాప అదే పాట తేలిగ్గా పాడేసింది. ఇంటాయన వంటింటి వైపు తిరిగి భార్యకు వినబడేలా అన్నాడు. “చూశావా, నేను గట్టిగా అడిగితేగానీ సరిగా నేర్పలేదు!”

“రేపు రావాల్నా సార్?” అని మాస్టారు అడిగారు.

“సరే, ఈసారికి రండి.”

తప్పు నాదే అని ఒక్క మాట అనడానికి చదువు ఇంత అడ్డం వస్తుందా? చదువుకున్నవాళ్ళే చెప్పండి.