బ్రాకెట్ జరిపితే పోయిన థియరం

మొన్న నా పీహెచ్‌డీ సెమినార్‌లో ఏం చేశానో వినండి. ఎగ్జామినర్ ఏమీ అనకముందే, నా థియరాన్ని నా చేత్తో నేనే బోర్డు మీద పడగొట్టుకున్నాను.

గుంటూరులో ఎమ్మెస్సీ పిల్లలకి మ్యాథ్స్ చెబుతూ రీసెర్చి చేసుకుంటున్నదాన్ని. ఈ సెమినార్ గట్టెక్కితేనే థీసిస్ సబ్మిట్ చేయనిస్తారు. టాపిక్కు, సింగ్యులర్ కెర్నెల్స్‌తో టెంపర్డ్ డిస్ట్రిబ్యూషన్ల కన్వల్యూషన్. పేరు చూసి భయపడకండి. ఒకింట్లో ఎండుమిరపకాయలు వేయిస్తే వీధంతా దగ్గుతుంది కదా. అన్ని ఇళ్ల ఘాటూ కలిపి ఏ గుమ్మం దగ్గర ఎంతో లెక్కగట్టడం కన్వల్యూషన్. దూరం పోయేకొద్దీ తగ్గుతుంది గానీ పొయ్యి పక్కన ఎవరూ నిలబడలేరు, అందుకని కెర్నెల్ సింగ్యులర్. ఇలాంటివి మూడు కలిపేటప్పుడు బ్రాకెట్ ఎటు పెట్టినా ఆన్సరు ఒకటేనని నా థియరం.

అంతా బ్రహ్మాండంగా సాగింది. ఎగ్జామినర్ మేడమ్ తలూపుతున్నారు. మా గైడ్ శాస్త్రి గారు కుర్చీలో వెనక్కి వాలారు. అక్కడితో కూర్చుంటే పోయేది.

"ఒక సింపుల్ ఎగ్జాంపుల్ చేసి చూపిస్తాను మేడమ్" అన్నాను. ఆవిడ అడగనే లేదు.

ఒకటి అనే కాన్‌స్టాంట్ తీసుకున్నాను. దానికి ఒకటి బై ఎక్స్ కెర్నెల్‌ని రెండుసార్లు తగిలించాలి. మొదట బ్రాకెట్ ఎడమవైపు పెట్టి, ఒకటినీ ఒక కెర్నెల్‌నీ ముందు కలిపాను. కుడిపక్క ప్లస్సూ ఎడమపక్క మైనస్సూ కొట్టుకుపోయి సున్నా వచ్చింది. ఇంకోసారి తగిలించినా సున్నానే. తర్వాత బ్రాకెట్ కుడివైపు జరిపి, ముందు కెర్నెళ్లు రెండూ కలిపాను. దానికి ఒకటిని తగిలిస్తే మైనస్ పై (π) స్క్వేర్ వచ్చింది. హుషారులో మధ్యలో ఈక్వల్ టు కూడా గీసేశాను.

"అమ్మా పర్వీన్, సున్నా, మైనస్ పై స్క్వేర్ రెండూ ఒకటేనంటావా?" అన్నారు శాస్త్రి గారు మెల్లిగా. పాపం, ఆ ప్రూఫ్ ఆయన కూడా చదివారు.

కాన్‌స్టాంట్ అంటే అంతులేని వీధిలో ప్రతి ఇంట్లోనూ మిరపకాయలు వేయించడం. ఆ ఘాటు ఎంత కూడినా లెక్క తేలదు. డస్టర్ తీసుకుని ఈక్వల్ టు చెరిపేశాను. మేడమ్ లేచి మంచినీళ్లిచ్చారు.

"నాకూ ఇలాగే అయిందమ్మా ఒకసారి. మూడింట్లో రెండైనా ఒక హద్దు దాటాక సున్నా అయిపోవాలి. ఆ కండిషన్ పెట్టుకుని మళ్లీ రండి" అన్నారు.

ఆ కండిషన్ రాయలేదని పిల్లలకి ఏటా మార్కులు కోసేది నేనే.

బయట మావారు స్కూటర్ మీద ఎదురుచూస్తున్నారు. మిర్చి యార్డులో బేరాలు వదిలేసి వచ్చారు.

"ఏమన్నారు?"

"ఒక కండిషన్ పెట్టమన్నారండి."

"ఇంతేనా, పెట్టెయ్."

"పెడితే అది ఎమ్మెస్సీ పుస్తకంలో ఉన్న థియరమే అయిపోతుంది" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

ఆయన స్కూటర్ స్టార్ట్ చేశారు.

"పుస్తకంలో వేశారంటే, నువ్వు చేసింది కరెక్టేగా మరి" అన్నారు.

ఇన్నేళ్ల నా రీసెర్చికి వచ్చిన మంచి రివ్యూ అదొక్కటే.