అరగని చక్రం

ఆ కార్ఖానాలో అందరికీ ఆయన బావగారే. గ్రైండింగ్ మెషీన్ నడిపే ఆయన బావమరిది హోరులో వినపడాలని "బావా!" అంటూ గొంతు చించుకునేవాడు. విన్నవాళ్లంతా అదే పట్టుకున్నారు. ఆఖరికి మేనేజరు కూడా "బావగారూ, చక్రాలెప్పుడొస్తాయండీ?" అనేవాడు. వరస కలుపుకోవడానికి మనవాళ్లకు పెళ్లే జరగాలని లేదు.

వజ్రపు సానచక్రాలకు కొలతలు రాయడం ఆయన పని. వజ్రమనగానే నగల కొట్టు గుర్తొస్తుంది గానీ, ఈ వజ్రం ఇసుకకంటే సన్నం, చూపుకు బూడిద. ఆ రేణువుల్ని బంకతో కలిపి చక్రం అంచుకు పట్టిస్తారు. ఇనుమును కోసే పనిముట్లను కార్బైడుతో చేస్తారు. ఆ కార్బైడుకు సానపట్టాలంటే వజ్రమే గతి. రేణువు ఎంత సన్నం, ఎంత దట్టం, బంక ఎంత గట్టి అన్నది ఆయన కాగితం మీద రాసి పంపితే చక్రం తయారై వచ్చేది. బంక గట్టిదనానికి గుర్తు ఒక్క అక్షరం. అది మారితే చక్రం గుణమే మారిపోతుంది.

ఒకే చెప్పుల జత ఆరేళ్లు తొడిగిన మనిషి ఆయన. చక్రమూ అలాగే మన్నాలనుకునేవాడు. ఒక ఏడు మునుపటికంటే గట్టి కార్బైడు వచ్చింది. గట్టిదానికి గట్టిదే ఉండాలని బంకను ఇంకో మెట్టు పెంచి రాశాడు.

వారం తిరక్కుండానే బావమరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బావా, నీ చక్రం కొయ్యట్లేదు. రుద్దుతోంది."

"నువ్వు నిద్రపోతూ ఒత్తుతున్నావేమో."

"వేళాకోళం కాదు. మెత్తరకం తెప్పించు."

"మెత్తది నెలకే అరిగిపోతుందిరా. ఇది అరగదు."

"అరగనిది కొయ్యదు బావా!"

బావగారు నవ్వి ఊరుకున్నాడు. పదో తరగతి తప్పినవాడు తనకు పాఠం చెప్పడమేమిటని లోపల చిన్న మంట కూడా లేకపోలేదు.

నెలలోగా పనిముట్ల అంచున వెంట్రుకంత పగుళ్లు కనిపించాయి. సరుకు తిరిగొచ్చింది. మేనేజరు ఇద్దర్నీ పిలిచి ఒకటే అడిగాడు: "తప్పు చక్రానిదా, చేతిదా?"

బావమరిది బావ వైపు చూశాడంతే.

"చక్రం సరైనదేనండీ," అన్నాడు బావగారు.

మర్నాటి నుంచి బావమరిదిని ప్యాకింగు గదిలో వేశారు. అట్టపెట్టెలకు టేపు అంటించే పని. అతని మెషీన్ మీదికి ఇంకొకడొచ్చాడు. పగుళ్లు ఆగలేదు. ఒకరోజు భోజనాల వేళ అందరూ వెళ్లాక, ఆగి ఉన్న చక్రం మీద బావగారు బొటనవేలు పెట్టి చూశాడు. గరుకు లేదు. అద్దంలా జారింది. మొద్దుబారిన రేణువు రాలిపోవాలి, దాని కింది పదునుది పైకి రావాలి. గట్టి సరుకును కోసేటప్పుడు బంక మెత్తగా ఉంటేనే ఆ రాలడం సాధ్యం. ఆయన చక్రంలో మొద్దు రేణువులు పట్టు వదల్లేదు. చక్రం వేడెక్కింది, ఆ వేడికి పనిముట్టు పగిలింది.

ఆయన మేనేజరు గదికి వెళ్లలేదు. తర్వాతి ఆర్డరులో అక్షరం మార్చాడు, చడీచప్పుడు లేకుండా. పగుళ్లు పోయాయి. కొత్తవాడి చెయ్యి మంచిదన్నారు.

రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపటికి తొమ్మిదేళ్లు పట్టింది. మనిషి చెడ్డవాడు కాడు. తప్పు ఒప్పుకోవడం పంటి నొప్పి లాంటిది, ఆ పూటకు తగ్గితే చాలు, వైద్యుడి గడప తొక్కబుద్ధి కాదు.

ఉద్యోగం ఇంక వారం ఉందనగా ప్యాకింగు గదికి వెళ్లాడు.

"ఆ చక్రం తప్పు నాదేరా."

బావమరిది టేపు తెంపుతూనే అన్నాడు: "తెలుసు. మెత్తది వచ్చిన రోజే గోడవతల చప్పుడు మారింది. ఆ కోత నాకు తెలీదా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే అక్క ఎవరి పక్కనుండాలి బావా?"

బావగారు తిన్నగా మేనేజరు గదికి నడిచాడు. పాత మేనేజరు ఎప్పుడో వెళ్లిపోయాడు. కొత్తాయన కుర్చీ చూపించి, మొత్తం ఓపిగ్గా విని, కళ్లజోడు తీశాడు.

"ఎవరు, ఆ ప్యాకింగాయనా? ఆయనకు గ్రైండింగు కూడా వచ్చా?"

"వచ్చండీ," అన్నాడు బావగారు. "ఇక్కడ అతనికొచ్చినంత ఎవరికీ రాదు."

"అలాగా," అని కొత్తాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "పాపం, ఇప్పుడా మెషీన్లన్నీ కంప్యూటరువే కదండీ."