ఏ పురుగూ ముట్టని కషాయం

మనుషులు పరువు పోగొట్టుకుంటారు, గుడి ముందర చెప్పులు పోగొట్టుకుంటారు, మా కెలమంగలం బస్సులో అయితే కిటికీ పక్క సీటు పోగొట్టుకుంటారు. నేను ఒక్క ఆదివారం పూట, ఒక్క పిచికారీ డబ్బాతో, మా అక్క తోటనే పోగొట్టాను. అదీ భూగోళాన్ని కాపాడుతూ! నవ్వదలచుకున్నవాళ్ళు మొదట్లోనే నవ్వేయండి. చివరికి వచ్చేసరికి మీకు నవ్వు వస్తుందో రాదో నేను హామీ ఇవ్వలేను.

తొంభైల చివరి మాట ఇది. హోసూరులో ఒక ఇంజనీరింగు కంపెనీలో నాకు షిఫ్టు ఉద్యోగం. కంపెనీలో పర్యావరణ సంఘమని ఒకటి పెట్టారు. కార్యదర్శిగా ఎవరుంటారని మేనేజరుగారు అడగ్గానే అందరూ తలలు దించుకున్నారు. నాకు సరిగ్గా అప్పుడే తుమ్ము వచ్చి తల ఎత్తాను. అంతే, కార్యదర్శినైపోయాను.

పదవి వచ్చాక జ్ఞానం రాకుండా ఉంటుందా? రెండు తరగతులకు హాజరై, మూడో తరగతికి నేనే పాఠం చెప్పే స్థాయికి ఎదిగాను. భూమి వేడెక్కుతోందని టీ అంగడిలో చెప్పాను, బస్సులో చెప్పాను, మంగలి కత్తి గొంతు మీద ఉన్నప్పుడు కూడా చెప్పాను. "ఈ ఇంట్లో విషం వాడం, దేన్నీ వృథా చేయం" అని ఆకుపచ్చ స్టిక్కర్లు అచ్చు వేయించి ఇల్లిల్లూ తిరిగాను. మా వీధిలో ఒకావిడ స్టిక్కరు తీసుకుని, నన్ను కింద నుంచి పై వరకు చూసింది.

"ప్లాస్టిక్ కవరు వాడొద్దంటావు. ఈ కాగితాలను నువ్వు దేంట్లో ఎత్తుకొచ్చినావు సీనప్పా?"

"అది... కవరంటే ఏమిటో చూపించే దానికి తెచ్చినానమ్మా!" అన్నాను. అప్పుడైనా సిగ్గు రావాలి కదా? రాలేదు.

ఇక మా రత్నక్క సంగతి. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. కెలమంగలం పక్క పల్లెలో కాపురం. రెండెకరాల మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల ఇల్లు. ఆ పురుగుల ఇంట్లోకి పోవాలంటే కాళ్ళూ చేతులూ కడగాలి. బీడీ తాగిన నోటితో గుమ్మం దాకా కూడా రాకూడదు. దోమల చుట్ట వెలిగిస్తే ఆ మనిషి పని అయిపోయినట్టే. ఒకసారి మునియప్ప బావ ఏదో పెళ్ళికి పోయి అత్తరు పూసుకుని వస్తే, అక్క ఆయన్ని రెండు రాత్రులు పశువుల కొట్టంలో పడుకోబెట్టింది.

పురుగులు తినగా మిగిలిన ఆకు ఆవులకు, పుల్లలు పొయ్యిలోకి, పురుగుల పెంట మళ్ళీ తోటకు. ఆ ఇంట్లో పారేయడానికంటూ ఏదీ మిగిలేది కాదు. అలాంటి మనిషికి పర్యావరణం నేర్పడానికి నేను స్టిక్కరు పట్టుకుని బయల్దేరాను. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే కాబోలు.

ఆ రోజుల్లో అక్కకూ బావకూ ఒక పోట్లాట నడుస్తోంది. బావకు ఆ తోట పెరికేసి నీలగిరి మొక్కలు పెట్టాలని ఆశ.

"నీలగిరి పెడితే నీళ్ళు కట్టేది లేదు, కావలి కాసేది లేదు. చెట్టు దాని పాటికి అది పెరుగుతుంది. ఈ పురుగులకు పొద్దస్తమానం ఊడిగం ఎవరు చేయల్లా?" అనేవాడు.

"నువ్వేమన్నా చేస్తా ఉండావా? చేసేది నేను గదా!" అనేది అక్క. "ఆ తోట ఉండేవరకే నేను ఈ ఇంట్లో ఒకరి ముందర చెయ్యి చాపకుండా ఉండేది. దాన్ని పెరికితే నన్ను పెరికినట్టే."

అంతకుముందు రెండు పంటలు రోగాలొచ్చి పోయాయి. దాంతో ఇంట్లో పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. ఈ పంటలో పురుగులు పట్టుగూళ్ళు కడితే తోట ఉంటుంది, పోతే నీలగిరి. అక్క సరేనంది. ఆ పంట కోసం ఆమె పడిన పాట్లు నేను కళ్ళారా చూశాను. చూసి కూడా ఆ పని చేశాను, అదీ నా ఘనత.

ఆ ఆదివారం పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. జ్వరమంటే రోగం కాదు. పురుగు పాత చర్మం విడిచి కొత్త చర్మం తొడుక్కునే ముందు తిండి మానేసి పడుకుంటుంది, దాన్నే మా వైపు జ్వరమంటారు. ఆ ఒక్క పూటే అక్కకు తీరిక. మత్తూరులో మా చిన్నమ్మ కూతురి సీమంతానికి పోయి సాయంత్రానికి వచ్చేస్తానని చీర మార్చుకుంది. పోతూ పోతూ వాకిట్లో నిలబడి చెప్పింది.

"ఆకు కొసలు కొన్ని ముడుచుకోనుండాయి, చూసినాను. రేపొచ్చి చేత్తో గిల్లి పారేస్తాను. పంట ఇంట్లో ఉండేటప్పుడు తోటకు ఏ మందూ ముట్టించకూడదు. ఎవరూ ఆ పక్కకే పోవద్దండి."

"మందు" అంది కదా అక్క. వేప మందెట్లా అవుతుంది, మీరే చెప్పండి! అమ్మవారు పోసిన పిల్లల్ని పడుకోబెట్టేదే వేపాకు మీద. సంఘం తరగతిలో నేర్చుకుని, స్వయంగా నానబెట్టి, స్వయంగా వడగట్టిన వేపగింజల కషాయం నా దగ్గర ఒక క్యాను నిండా ఉంది. ఊళ్ళో చూపించి మెప్పు పొందుదామని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అక్క బస్సు కదలగానే నేను పిచికారీ డబ్బా వీపుకు తగిలించుకున్నాను.

బావ బీడీ తాగుతూ అరుగు మీద కూర్చున్నాడు. "అదేమప్పా సీనప్పా, క్యానులో?"

"వేప కషాయం బావా! విషం లేదు, ఖర్చు లేదు. ఇది పడిన ఆకును ఏ పురుగూ ముట్టదు."

బావ బీడీ నోట్లోంచి తీశాడు. "ఏ పురుగూనా?"

"ఏ పురుగూ!"

"ముట్టి తినిందనుకో?"

"తినదు బావా! ఒకవేళ తిన్నా, చర్మం విడవలేక ఆడే చస్తుంది. సైన్సు బావా, సైన్సు!"

బావ క్యాను వైపొకసారి, పురుగుల ఇంటి వైపొకసారి చూశాడు. తరువాత బీడీ ఆర్పేసి లేచి, "ఉండప్పా, నీళ్ళు నేను తెచ్చిస్తాను" అన్నాడు.

పెళ్ళైన పన్నెండేళ్ళలో బావ ఆ తోటలోకి బిందె మోయడం అదే మొదలు. పర్యావరణ చైతన్యమంటే ఇదీ, ఎంతటి సోమరినైనా లేపి నిలబెడుతుందని నేను మురిసిపోయాను. పిచ్చోడి చేతిలో రాయి అని మన పెద్దలు భయపడ్డారు. పిచ్చోడి వీపు మీద పిచికారీని వాళ్ళు చూడలేదు. సాలు సాలుకూ, మొక్క మొక్కకూ, ఆకు పైనా కిందా తడిసేటట్టు కొట్టాను. మధ్యాహ్నానికి తోటంతా తళతళలాడింది.

"అక్కకు ఇప్పుడే చెప్పొద్దు" అన్నాడు బావ. "గూళ్ళు కట్టినాక చెప్తే సంతోషపడుతుంది."

అదీ నిజమే అనిపించింది. పోయేముందు పురుగుల ఇంటి తలుపు మీద ఆకుపచ్చ స్టిక్కరు కూడా అంటించి, హోసూరు బస్సెక్కాను. ఈపాటికి మీకంతా అర్థమై ఉంటుంది. కార్యదర్శికి మాత్రం ఇంకో ఆదివారం రావలసి వచ్చింది.

పట్టుపురుగులున్న ఇంట్లో ఎప్పుడూ ఒక చప్పుడు ఉంటుంది, వేలాది పురుగులు ఒక్కసారిగా ఆకు కొరికే చప్పుడు. రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు ఉంటుంది. మరుసటి ఆదివారం నేను పోయేసరికి ఆ చప్పుడు లేదు. తట్టల్లో పొద్దున వేసిన ఆకు వేసినట్టే వాడిపోయి ఉంది. దాని మీద పురుగులు కుంచించుకుపోయి, సగం విడిచిన చర్మాలతో, కదలకుండా పడున్నాయి. అక్క తట్టల మధ్య నేల మీద కూర్చుంది.

"జ్వరం నుంచి లేచి ఆకలితో ఉండాయని రెండు తూర్లు ఎక్కువ ఆకేసినాను సీనా" అంది. "మూతి పెట్టి తీసేసినాయి. పట్టు ఆఫీసు ఆయన వచ్చి చూసి, రోగం కాదమ్మా, తోటకు ఏమైనా కొట్టినారా అన్నాడు. మేమేమీ కొట్టలేదు స్వామీ అన్నాను."

నా క్యాను నాకు అప్పుడు గుర్తొచ్చింది. అయినా నోరుందే, అది కార్యదర్శి నోరు! "మందు కాదక్కా... ఊరికే వేప... అమ్మవారి ఆకు... పురుగులు తినకుండా ఉండేదానికి..."

అక్క తల ఎత్తింది. "మరి ఇవేమప్పా? గొర్రెలా, మేకలా? ఇవీ పురుగులే గదప్పా."

తిట్టి ఉంటే బాగుండేది. చీపురు తిరగేసి ఉంటే ఇంకా బాగుండేది. ఆమె చెప్పింది ఆ ఒక్క మాటే. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. మా ఇంట్లో కొండనాలుకలకు, అంటే ఆ ముడత ఆకులకు, ఏమీ కాలేదు, అవి అలాగే ఉన్నాయి.

అంతలో బావ గుమ్మంలోకి వచ్చాడు. నేను ఆయన వైపు చూశాను, ఏదో ఒకటి అంటాడని.

"నేను అడిగినాను గదప్పా" అన్నాడు తీరిగ్గా. "ఏ పురుగూనా అని అడిగితిని. తింటే అని గూడా అడిగితిని. నువ్వే గదా చస్తుందంటివి."

అక్క బావను చూసింది. తరువాత నన్ను చూసింది. ఆ చూపులో ఎవరి వాటా ఎంతో బావా నేనూ ఈరోజుకీ పంచుకోలేదు. బావ తెలిసే చేశాడు, నేను తెలియక చేశాను. తట్టలు మోసుకుపోయి పెంటగుంతలో బోర్లించేటప్పుడు మాత్రం నా తట్టకూ బావ తట్టకూ తేడా ఏమీ కనిపించలేదు.

తీర్పు తీర్పే. నెలలోగా మల్బరీ పెరికేశారు. వేళ్ళు పెరికే రోజు అక్క ఇంట్లోంచి బయటికి రాలేదు. బావ నన్ను పక్కకు పిలిచి, "మీ సంఘంలో నీలగిరి మొక్కలు ఊరికే ఇస్తారంట గదా?" అన్నాడు. ఇచ్చే అధికారి ఎవరనుకున్నారు? నేనే. ఏ మొహం పెట్టుకుని కాదంటాను? సంతకం పెట్టి, లారీ ఎక్కించి పంపాను.

ఆ ఏడాది పర్యావరణ దినోత్సవానికి కంపెనీలో పెద్ద పందిరి వేశారు. నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. అందరికంటే ఎక్కువ మొక్కలు నాటించిన సభ్యుడినట! ఆకుపచ్చ ఆకు చెక్కిన చెక్క పలక ఒకటి చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట కొంప ముంచి రచ్చ గెలిచాను.

నీలగిరి బాగానే పెరిగింది. బావి మాత్రం ఎండిపోయింది. అక్క హోసూరు దగ్గర గులాబీలు పెంచే ప్లాస్టిక్ షెడ్డులో కూలికి చేరింది. పొద్దున్నే వ్యానొచ్చి ఎక్కించుకుపోతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని పూలకు మందు కొట్టే పని. ఒక సాయంత్రం వ్యాను దిగే చోట కలిసి, ఆ పలక తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. అది ఆమెదే అనిపించింది.

అక్క గుడ్డ విప్పి, పలకను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేం ఆకప్పా?"

"ఊరికే ఆకక్కా. బొమ్మ."

"వేపాకు కాదు గదా?" అంది.

ఇద్దరం నవ్వాం. ముందు ఆపింది ఆమే.

మరుసటి తూరి పోయినప్పుడు చూశాను. ఆ పలక రాగిపిండి డబ్బా మీద మూతగా ఉంది. దేన్నీ వృథా చేయని ఇల్లు అది, నేను స్టిక్కరు అంటించకముందు నుంచీ.

కాబట్టి ఆ రాగిపిండి డబ్బా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఆడమనిషి తోటకైనా మేలు చేయాలని నా చేతులు దురద పెడితే, ముందు ఆమెను అడుగుతాను, వద్దంటే ఆ చేతులను జేబులో పెట్టుకుంటాను. భూమి ఎంత వేడెక్కినా సరే, ఎంతటి తుమ్ము వచ్చినా సరే, ఏ మీటింగులోనూ తల ఎత్తను. అక్క ముందర ఎలాగూ ఎత్తలేకపోతున్నాను.