ధర చెప్పి నోరు మూసుకో

టార్పాలిన్ లాగగానే వాసన గుప్పుమంది. ఎండకు కాగిన ప్లాస్టిక్, దాని అడుగున ఎండిపోయిన చెరువు పాచి. నా కయాక్ వాసన అది. ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకుంటూ చేపలు పట్టుకునే ఆ పసుపు పడవను మహబూబాబాద్‌లో మా అద్దె ఇంటి గోడవారన పెట్టుకున్నాను. అమ్మాలా వద్దా అని వారం నుంచి నా బుర్ర నేనే తినేశాను, అది చాలక ఇంట్లో వాళ్లదీ తిన్నాను. ఏళ్ల తరబడి వారపు అంగళ్లలో నేలమీద పట్టా పరిచి వలలు, గాలాలు అమ్ముకుంటున్నదాన్ని. ఇప్పుడు బస్టాండు వెనక ఒక షట్టర్ దుకాణం ఖాళీ అయింది. అడ్వాన్సుకు తక్కువపడ్డది సరిగ్గా ఈ పడవ ఖరీదంత. కొంటానని మహదేవపూర్ నుంచి ఒకతను బయలుదేరాడు. అమ్మితే ఆదివారాలు చెరువు మీద తిరగడం పోతుంది, అమ్మకపోతే షట్టర్ పోతుంది. సరే అమ్ముతాను, ఎంత చెప్పాలి? ఆ ప్రశ్న దగ్గర సేటమ్మ గుర్తు రాకుండా ఎలా ఉంటుంది?

అసలు పేరు అనసూయమ్మ. బజారంతా సేటమ్మ అనేది. తాళ్లు, వలలు, టార్పాలిన్ల దుకాణం ఆమెది. చేప వాసన తగిలితే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే వైశ్యుల ఇంటి మనిషి, చుట్టుపక్కల చెరువులన్నిటికీ వలలు అమ్మేది. కురవి దగ్గర తండా నుంచి వచ్చి నేను ఆమె దగ్గర పనిలో చేరాను. మొదటి రోజే ఒక రైతు మోకు ధర అడిగాడు. చెప్పాను. చెప్పి ఊరుకున్నానా? గట్టిదే గాని కొంచెం పాత సరుకని, కావాలంటే తగ్గిస్తానని, ఆయన నోరు తెరవకముందే తగ్గించి చేతిలో పెట్టాను. ఆయన అటు వెళ్లగానే సేటమ్మ అడిగింది.

"ఆయన బేరమాడిండా?"

"లేదు సేటమ్మా."

"మరి ఎవ్వలతోని ఆడినవ్? నీతోని నువ్వే బేరమాడి నువ్వే ఓడిపోయినవ్. ధర చెప్పి నోరు మూసుకో. బేరం అయినంక ఎంత ముచ్చటైనా పెట్టు, నేనొద్దన."

తండాలో నన్ను రేడియో అనేవారు. నాతో నోరు మూసుకోమనడమంటే ఊపిరి ఆపమన్నట్టే. పెదవులు బిగబట్టి నిలబడితే కొనేవాళ్లు "పంటి నొప్పా బిడ్డా?" అని జాలిపడేవారు.

ఏడాది తిరిగాక ఒక పొద్దున సేటమ్మ తాళం తీస్తూనే అంది. "నీ జీతం పెంచాలె. ఎంతనో నువ్వే చెప్పు." మా అమ్మ కూలికి పోయి ఎంత ఇస్తే అంత కొంగున కట్టుకుని వచ్చేది. మా ధర ఎప్పుడూ ఎదుటివాళ్లే చెప్పారు, మా ఇంట్లో ఎవరి నాలుకకూ ఆ అలవాటు లేదు. ఎలాగో ఒక అంకె చెప్పాను. వెంటనే, "కష్టమనుకుంటే జర తక్కువైనా..." అని మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తింది. మూసుకున్నాను. ఆమె వలలు సర్దింది, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించింది, ఇద్దరికి తాళ్లు అమ్మింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. చివరికి నా వైపు తిరిగి "సరే" అంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, గోదాములోకి వెళ్లి ఏడ్చాను. సంతోషానికే.

ఈ కయాక్ ఒక ఇంజనీరుది. మహదేవపూర్ నుంచి బదిలీ అయి పోతూ మా దుకాణంలో అమ్మి వెళ్లాడు. "గిదేంది, బర్లకు కుడితి తొట్టా?" అంటూనే సేటమ్మ కొన్నది. దాని జోలికి ఎవరూ రాలేదు. ఒక ఆదివారం ఆమే అంది, "జర నన్ను గా పడవల కూసోబెట్టు." ట్రాలీ ఆటోలో వేసుకుని కురవి వైపు చెరువుకు పోయాం. ఆమె చీర కుచ్చిళ్లు బిగించి పడవలో కూర్చుంది, నేను నడుం లోతు నీళ్లలో నిలబడి పట్టుకున్నాను. చేతికి గాలం ఇచ్చాను. ఇక చూడండి, ఆమె మాటలు ఆగితే ఒట్టు. కొంగ గురించి, గాలి గురించి, చచ్చిపోయిన మొగుడి పిసినారితనం గురించి.

"నోరు మూసుకో సేటమ్మా. గాలమేసినంక మాట్లాడొద్దు."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆమె నన్ను చూసింది. పడవ ఊగేలా నవ్వింది. "గదేనే పిల్లా! ఇన్నొద్దుల సంది నీకు నేను చెప్పేది గదే." ఆ తర్వాత కిక్కురుమనలేదు. చిన్న బొచ్చె చేప పడింది. "ఇడిసిపెట్టు, ఇడిసిపెట్టు" అని నా చేత వదిలేయించి, దారి పొడుగునా దాన్ని గురించే చెప్పుకుంది.

వయసు మీదపడి దుకాణం ఎత్తేసిన రోజు ఆ పడవ నాకిచ్చింది. "ఉంచుకుంటవో అమ్ముకుంటవో నీ ఇష్టం. అగ్గువకు మాత్రం అమ్మకు. నా ఇజ్జత్ పోతది." ఇప్పుడామె లేదు. ఇజ్జత్ నా చేతిలో ఉంది.

మహదేవపూర్ అతను వచ్చాడు. పడవ చుట్టూ తిరిగాడు.

"ఎంతక్కా?"

"ఇరవై ఎనిమిది వేలు."

అడుగున ఉన్న గీతను గోటితో గీకాడు. అది కురవి చెరువు రాయి గీసింది. ఆ కథంతా నా నాలుక చివరకు వచ్చి నిలబడింది. మింగాను.

"పాతది గదక్కా. ఇరవైకి ఇయ్యి."

నేను గోడ మీది బల్లిని చూశాను.

"ఏందక్కా, మాట్లాడవు?"

బల్లి కదిలింది, నేను కదల్లేదు. అతను ఫోను చూసుకున్నాడు, గేటు దాకా పోయాడు. పోయింది షట్టర్ అనుకున్నాను. మళ్లీ వచ్చాడు. చెప్పులు విప్పి, మా వాకిట్లోనే, నీళ్లు లేని పడవలో కూర్చుని తెడ్డు అటూ ఇటూ ఆడించాడు. అప్పుడు తెలిసింది నాకు, గెలిచానని.

"సరే అక్కా. నువ్వన్నదే."

షట్టర్ పైకి లేచిన చప్పుడు నా చెవుల్లో మోగింది. ఎగిరి గంతేయాలనిపించింది. పడవను అతను తెచ్చుకున్న ట్రాలీ ఆటోకు కట్టడానికి నేనే కొత్త తాడు తెచ్చిచ్చాను. ముడి బిగిస్తూ అతనడిగాడు.

"గింత గట్టి బేరం ఎవ్వలు నేర్పిండ్రక్కా నీకు?"

రెండు చాయ్‌లు తెప్పించాను. "కూసో అన్నా. బేరం అయిపోయింది గద, ఇగ చెప్త ఇను."

అతను తన చాయ్ తాగి నాది కూడా తాగేశాడు. నేనింకా మొదటి రోజు మోకు దగ్గరే ఉన్నాను.