చింతగింజకు చోటు

నా భార్య పోయిన నెలలో గుంటూరు ఆసుపత్రిలో తెల్లవారుజామున చనిపోయింది. మూత్రపిండాల జబ్బు. ఈ పత్రిక చదివేవారిలో ఆమె దగ్గర జంతుశాస్త్రం చదువుకున్నవాళ్ళున్నారు. ఇంకా తెలియనివాళ్ళకు తెలియజేయడానికి, ఆమె గురించి నాలుగు మాటలు చెప్పడానికి ఇది రాస్తున్నాను.

నేను చరిత్ర చదివి కోర్టు ఆఫీసులో పనికి కుదిరినవాణ్ణి. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన ఏడాది మా పెళ్ళయింది. ఆ తర్వాత ఆమె వాల్తేరు వెళ్ళి పై చదువు చదివి, తిరిగొచ్చి ఇక్కడి ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పింది. అన్నిటికంటే ఆమెకు ఇష్టమైనది ప్రొటీన్ల పాఠం.

“ఒంట్లో పనిచేసే కూలీలు ఇవేనండీ. అన్నం అరిగించేది, కండ కదిపేది, ఊపిరితో వచ్చిన గాలిని మోసేది అన్నీ ఇవే. వీటికి జీతం లేదు, సెలవు లేదు” అనేది.

ఇంట్లోనూ ఆ పాఠం నడుస్తూనే ఉండేది. ఒకసారి మంగళగిరి నుంచి చీరల మూటతో ఒకాయన వచ్చాడు. అంచు అసలైన పట్టేనన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. ఆమె అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చింది. జుట్టు కాలిన కమురు వాసన వచ్చింది.

“ఆయన నిజమే చెప్పాడండీ. ఇది పురుగు కట్టిన ప్రొటీన్. పత్తి అయితే కాగితం కాలిన వాసన వస్తుంది.”

“చూశారా బాబూ, అమ్మగారి ముక్కే నాకు సాక్షి” అన్నాడు ఆయన. చీర కొనక తప్పలేదు.

తరగతిలో గుడ్డు తెల్లసొన పరీక్షనాళికలో పోసి వేడి చేసి చూపించేది. శాకాహారుల ఇంటి పిల్ల ఒకతె ఓణీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, “నేను గుడ్డు ముట్టుకోను మేడమ్” అందట. “ముట్టుకోకు, చూడు” అందట ఈమె. చూస్తుండగానే తెల్లసొన గడ్డకట్టింది. “ప్రొటీన్ అంటే ఒక పొడవాటి గొలుసు. వేడికి ఆ గొలుసు తెగలేదు. దాని మడతలు విడిపోయాయి. ఆకారం పోయింది, దాంతో పనీ పోయింది. చల్లార్చినా మళ్ళీ రాదు” అని చెప్పిందట. ఆ పిల్ల తర్వాత మా ఇంటికి తరచుగా వచ్చేది. అందుకే ఇదంతా నాకు తెలుసు.

ప్రొటీన్ ఆకారం చూపించడానికి ఆమె ఒక గొలుసు తయారుచేసింది. దానికోసం తిరునాళ్ళలో పూసలు కొంటుంటే, అమ్మే ముసలామె “మెళ్ళోకా తల్లీ, చేతికా?” అని అడిగింది.

“కాలేజీకి.”

“కాలేజీ మెళ్ళో ఏస్తావా ఏంది?”

ఆ మాట తలుచుకుని ఇంటికొచ్చేదాకా నవ్వింది. ఆకుపచ్చ గాజుపూసలు, గోధుమరంగు చెక్కపూసలు కలిపి సన్నని రాగితీగకు ఎక్కించింది. ఆకుపచ్చవి నీళ్ళతో కలిసేవి, చెక్కవి నీళ్ళంటే పడనివి. పడనివి లోపలికి దాక్కుంటాయి, కలిసేవి బయట నిలబడతాయి. అలా తీగ ముడుచుకుంటూ పోతే చివరికి ఒక పక్కన చిన్న గుంట ఏర్పడుతుంది. అందులో చింతగింజ పెట్టేది. సరిగ్గా పట్టేది. ఒక్క మడత తప్పినా గింజ జారి పడేది.

“పనంతా ఈ గుంటలోనే. సరిపడినది వచ్చి కూర్చోవాలి. సాగదీస్తే ఇది వట్టి దండ.”

“అన్ని కోట్ల గొలుసులకు ముడుచుకోవడం ఎవరు నేర్పుతారు?” అని అడిగాను.

“ఎవరూ నేర్పక్కర్లేదట. పూసల వరుసలోనే అంతా ఉందంటున్నారు. నాకూ వింతగానే ఉంది” అంది.

పోయిన దసరా వెళ్ళాక పొద్దున్నే ఆమె మొహం ఉబ్బి కనిపించడం మొదలైంది. మా వైపు మనిషి నిండుగా కనిపిస్తే అందరికీ సంతోషం. పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా చూసి, “ఇన్నాళ్ళకు ఒళ్ళు చేశావే అమ్మాయ్. మొగుడు బాగానే మేపుతున్నాడు” అంది. మా అమ్మ దిష్టి తీసింది. ఈమె నవ్వి ఊరుకుంది.

ఒక సాయంత్రం కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చింది. కాళ్ళు కడుక్కుని నా పక్కన కూర్చుంది.

“ఇవాళ గుడ్డు లేకుండా గుడ్డు పాఠం చేశానండీ, నా ఒక్కదానికే.”

నాకు అర్థం కాలేదు.

“నా మూత్రం వేడి చేసి చూశాను. తెల్లగా గడ్డలు కట్టింది. వెనిగర్ చుక్కలు వేసినా కరగలేదు. రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్ బయటికి పోతోంది.” తన మోకాలి కింద బొటనవేలితో నొక్కి తీసింది. గుంట అలాగే ఉండిపోయింది. “ఇది ఒళ్ళు చేయడం కాదు, నీరు. రక్తంలో నీటిని పట్టి ఉంచేది ఆ ప్రొటీనే. అది తగ్గితే గండి పడిన కాలవలా నీళ్ళు ఎటుపడితే అటు పోతాయి.”

డాక్టరు గారు కూడా అదే చెప్పారు. ఉప్పు మానమన్నారు, మంచం దిగవద్దన్నారు. గోంగూర పచ్చడి జాడీ అటకెక్కింది. “గుంటూర్లో పుట్టి చప్పిడి పప్పు తింటున్నానని బయట చెప్పకండి, పరువు పోతుంది” అంది. ఉప్పు సంగతి అలా ఒప్పుకుంది. కాలేజీ మానడానికి మాత్రం ఒప్పుకోలేదు.

“ప్రొటీన్ల పాఠం సగం మిగిలిపోయిందండీ.”

“ఇంకెవరైనా చెప్తారు.”

“చెప్తారు. పుస్తకంలో ఉన్నది వల్లె వేయిస్తారు. వాళ్ళు చేత్తో ముడవాలి. ఆ ఒక్కటీ అయితే మీరు చెప్పినట్టు పడుకుంటాను.”

చివరికి ఆమె తరగతి పిల్లలే మధ్యాహ్నాలు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మిరపకాయల బళ్ళు యార్డుకు వెళ్ళే రోజులవి. వీధిలోంచి ఘాటు వచ్చి అందరూ ఒకేసారి తుమ్మేవారు. ఈమె మంచం మీద దిండుకు ఆనుకుని, తుమ్ములు ఆగాక, ఆపిన వాక్యం దగ్గరే మళ్ళీ అందుకునేది.

చివరి రోజుకు ఆమె వేళ్ళు ఉబ్బి తీగ వంచలేకపోయింది. గుడ్డు ముట్టుకోనన్న పిల్లే ముడిచింది. ఈమె కళ్ళతో దిద్దింది. “ఆ చెక్కపూస బయటికొచ్చింది చూడు. పాపం, దానికి నీళ్ళు పడవు. లోపలికి పంపు.” అంతా అయ్యాక గింజ పెట్టారు. జారి దుప్పటి మీద పడింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ పడింది. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏడవకు. ఎక్కడో ఒక్క మడతే తప్పింది. రేపు చూద్దాం” అంది.

మర్నాడు ఆయాసం ఎక్కువై ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ నన్ను ఒకసారి అడిగింది, “ఆ మడత దొరికిందటా?” అని. నేను కనుక్కోలేదని చెప్పాను.

పెద్దకర్మకు ముందు చుట్టాలు ఇల్లంతా సర్దారు. నేను వచ్చి చూసేసరికి ఆమె ఫోటోకు పూసల దండ వేలాడుతోంది. మా అమ్మ ఓపికగా కూర్చుని ఆ తీగను ఒక్కొక్క వంపూ విప్పి సాఫు చేసింది. “పూలదండ రేపటికి వాడిపోతుంది నాయనా. ఇది ఉంటుంది. దాని చేతి పనే కదా” అంది. అమ్మను నేనేమనగలను. తీయమనలేదు.

కర్మ నాడు పిల్లలు వచ్చారు. ఆ పిల్ల ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత నా దగ్గరికొచ్చి, “సార్, అది తీయొచ్చా అండీ?” అని అడిగింది. తీయమన్నాను. మా అమ్మ కంగారు పడింది.

“అయ్యో, ఫోటో బోసిపోతుందమ్మా.”

“మేడమ్ దాన్ని ఇలా ఉంచేవారు కాదు బామ్మగారూ.”

నేల మీద కూర్చుని ముడవడం మొదలుపెట్టింది. పుస్తకం చూడలేదు. ఒక్కొక్క పూసా వేలితో తడుముతూ, చెక్కవి లోపలికి, గాజువి బయటికి. ఒకచోట ఆగింది. ముడిచింది విప్పి, ఇంకోవైపు తిప్పింది. తోటి పిల్లలు చుట్టూ చేరి చూస్తున్నారు. అయ్యాక తలెత్తి, “చింతగింజ ఒకటి కావాలి” అంది.

నేను లేచేలోపు మా అమ్మే వంటింట్లోకి వెళ్ళింది. చింతపండులోంచి గింజ తీసి, కడిగి, కొంగుతో తుడిచి తెచ్చింది. “ఎక్కడమ్మా పెట్టాలి?” అని అడిగింది. పిల్ల చూపించింది. మా అమ్మ వంగి, తన చేత్తోనే ఆ గుంటలో పెట్టింది.

గింజ కూర్చుంది. మా అమ్మ వేలితో దాన్ని కదిపి చూసింది. ఊడి రాలేదు.