గోడ తాగిన నీళ్లు

1964 జనవరి. నెల్లూరులో కుళాయి పని చేసేవాళ్లం అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉండేవాళ్లం. చాలా ఇళ్లకు బావే దిక్కు. ఎవరైనా మోటారు పెట్టించి, డాబా మీద ట్యాంకు కట్టించి, గదిలోకి పైపు వేయించుకుంటే వీధివాళ్లంతా వచ్చి చూసిపోయేవాళ్లు. నేను ఆ పనిలోకి వచ్చి పన్నెండేళ్లయింది. నా చేత్తో బిగించిన జాయింటు కారదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

దేవదానం గారు మిషన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయినారు. కూతురు ఎస్తేరు పురిటికి వస్తుందని, వేణ్ణీళ్లకు ఇబ్బంది ఉండకూడదని, అంతకు ముందు ఆగస్టులో మద్రాసు నుంచి గీజరు తెప్పించారు. దాన్ని బిగించింది నేనే. స్నానాల గదికీ, ఎస్తేరు పడుకోబోయే గదికీ మధ్య గోడ ఒకటే. ఆ గోడలో గాడి కొట్టి, ట్యాంకు నుంచి ఇనప పైపు దించి, పైన సున్నం పూశాను. పైపు గోడలోంచి బయటికొచ్చి గీజరుతో కలిసేచోట యూనియన్ నట్ వేశాను. రెండు పైపు కొసల్ని దగ్గరికి లాగి బిగించే పెద్ద మర అది. మధ్యలో తోలు వాషరు ఉంటుంది. మరలు కనబడితే బాగుండదని ముందు ఒక టేకు పెట్టె కూడా చేయించి పెట్టాను. హెడ్మాస్టరు గారు ఎంతో మెచ్చుకున్నారు.

నవంబరులో తుపాను వానలు పట్టుకున్నాయి. హాల్లో ఒక మూల నేల చెమ్మగిల్లింది. వానాకాలం కదా అని ఎవరూ పట్టించుకోలేదు. వానలు తగ్గాయి, ఎండలు వచ్చాయి, మూల మాత్రం ఆరలేదు. అప్పుడు నాకు కబురొచ్చింది.

హాలు నేల కింద వంటింటికి పోయే పాత పైపు ఒకటుంది. అదే కారుతోందని తేల్చేశాను. రెండు రోజులు బండలు లేపి తవ్వాను. పక్కగదిలో ఎస్తేరు, ఇరవై రోజుల పాప. గునపం దెబ్బ పడినప్పుడల్లా పాప ఉలిక్కిపడి ఏడ్చేది.

"పైపు దొరికిందా మేస్త్రీ?" అని అడిగారు హెడ్మాస్టరు గారు.

"దొరికింది సార్. బాగానే ఉంది."

"మరి ఈ నీళ్లు ఎక్కడివి?"

నేను మళ్లీ గునపం అందుకున్నాను. అప్పుడు చెంచమ్మ వచ్చి గుంట ఒడ్డున నిలబడింది. ఆమెది మైపాడు. పుట్టినిల్లూ మెట్టినిల్లూ సముద్రం మీద వేటకు పోయే ఇళ్లే. బాలింతకు, పాపకు నీళ్లు పోయడానికి ఆ రోజుల్లో ఇక్కడే ఉంటోంది.

"ఏందన్నా, నీళ్లు చేరిన చోట తవ్వతా ఉండావు?"

"తడి ఇక్కడే కదమ్మా ఉండేది!"

"మా పడవలో నీళ్లెప్పుడూ ఎనకపక్కనే చేరతాయి. బొక్క ఎనకుంటదా ఏంది? యాడో ముందర కారి పల్లానికొస్తాయి. మా నాయన తడిసిన చోట ఎతికేవాడు కాదు. ఆరినట్టు కనబడే చోట ఎతికేవాడు."

"ఆరిన చోట ఎట్టా తెలస్తాది?"

"ఉండు, బూడిద తెస్తా."

పొయ్యిలోని పిడకల బూడిద గుడ్డలో జల్లించి తెచ్చింది. పడవ తయారై నీళ్లలోకి దిగాక, లోపలి పలకల అతుకుల మీద మెత్తటి బూడిద చల్లి చూస్తారట. కంటికి కనబడని చెమ్మ తగిలినా బూడిద నల్లబడుతుందట. ఇంట్లో కనబడే ప్రతి జాయింటు మీదా చిటికెడు చల్లుకుంటూ వచ్చింది. నాకు విసుగ్గానే ఉంది, కానీ నోరెత్తే ముఖం లేదు. వంటిల్లు అయింది, పెరటి కుళాయి అయింది. ఎక్కడా నల్లబడలేదు. చివరికి స్నానాల గదిలో టేకు పెట్టె ముందు ఆగింది.

"ఈ పెట్టె ఏందన్నా?"

"అందానికి నేనే చేయించాను."

"తియ్యి."

స్క్రూలు విప్పి పెట్టె తీశాను. నట్ మీద వేలు పెట్టి చూశాను. తడి తగల్లేదు. చెంచమ్మ బూడిద చల్లింది. హెడ్మాస్టరు గారితో సహా ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. నట్ కింద ఆవగింజంత నల్లమచ్చ లేచింది. చూస్తుండగానే మిరియపు గింజంత అయింది. అక్కడి నుంచి కిందికి పడలేదు. సన్నటి గీతలా పైపు వెంటే వెనక్కి పాకి, గోడలో నేను పూడ్చకుండా వదిలేసిన కంతలోకి వెళ్లిపోయింది.

హెడ్మాస్టరు గారు కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. ఒక చుక్క కంతలోకి జారిపోయాక రెండోది చేరేలోగా ఆయన పెదవుల మీద పరలోక ప్రార్థన మొదలై పూర్తయింది.

"ఇంత నిదానంగానా!" అన్నారు మెల్లగా.

చెంచమ్మ మాత్రం అప్పటికే పక్కగదిలోకి పోయి, గోడకు అరచెయ్యి ఆనించి, వేలి కణుపులతో తట్టుతోంది. నేనూ తట్టి చూశాను. ఖాళీ కుండను తట్టినట్టు మోగింది.

"అమ్మాయిని లేపండి సార్. ఈడ ఉండొద్దు" అంది చెంచమ్మ.

"ఇరవై రోజుల బిడ్డమ్మా. బయట గాలి తగిలితే..."

"గాలి సంగతి నేను చూసుకుంటా సార్. గోడ సంగతి నా చేతిలో లేదు."

ఆ మాటతో ఆయన కదిలారు. తల్లినీ బిడ్డనూ దుప్పటి కప్పి వరండాలోకి తీసుకెళ్లారు. మంచం, ఉయ్యాల బయటపెట్టించాను. ట్యాంకు దగ్గర నీళ్లు కట్టేసి, గీజరు దించి, గోడ మీద ఆనిన దూలానికి రెండు సరుగుడు గుంజలు పోటు పెట్టాను. కొత్తూరు నుంచి గోడలు కట్టే మేస్త్రిని పిలిపించాను. అతను గదివైపు నుంచి ఉలి పెట్టి సున్నం పెచ్చు ఒక్కటి లేపాడంతే. లోపలి నుంచి నల్లటి బురద కారింది. అతను వెనక్కి దూకాడు. ఛాతీ ఎత్తు నుంచి గోడ, పెద్ద చప్పుడేమీ లేకుండా, కూర్చున్నట్టుగా దిగి, మంచం ఉన్న చోట కుప్పగా పడింది. దూలం ఒక్కసారి కిర్రుమని గుంజల మీద ఆగింది.

వరండాలో ఎస్తేరు పాపను గుండెకు అదుముకుని ఆ కుప్పనే చూస్తోంది. అది మట్టి అడుసుతో కట్టిన ఇటుక గోడ. ఐదు నెలలు ఆ చుక్క లోపలి అడుసును కడిగేసి, పునాది వెంట జారి, పల్లంగా ఉన్న హాలు మూలలో తేలింది. నేను గునపంతో దినమంతా కష్టపడినా అంత గోడ కూల్చగలిగేవాణ్ణి కాదు.

నా తప్పు నేనే చెప్పాను. "పైపు కురచగా కోశాను సార్. దాన్ని లాగి బిగించాను. గీజరు వేడెక్కినప్పుడల్లా జాయింటు మీద లాగుడు పడింది. వేడికి తోలు వాషరు ఎండిపోయింది. కంత పూడ్చలేదు. కనబడకుండా పెట్టె కూడా పెట్టాను."

హెడ్మాస్టరు గారు నా వైపు తిరిగారు. "ఇది చెప్పడానికి నీకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. గోడ లేచాక మళ్లీ నువ్వే బిగించు. చెంచమ్మ పక్కన ఉంటుంది" అన్నారు.

నెల తర్వాత బిగించాను. ఈసారి పైపు గోడలో దాచలేదు. గీజరు దగ్గర సీసం పైపును వంపు తిప్పి, లాగుడు పడకుండా కలిపాను. చేతికందేచోట స్టాప్‌కాక్ వేశాను. ఇంట్లోవాళ్లే ఒక్క తిప్పుతో ఆ పైపుకు నీళ్లు ఆపుకునే మర అది. అంతకు ముందు నీళ్లు కట్టాలంటే డాబా ఎక్కాల్సిందే. చెంచమ్మ చివరికి బూడిద చల్లి, తల ఊపింది.

"ఇన్ని సంగతులు నీకెట్టా తెలుసమ్మా?" అన్నాను.

"నాకేం తెలుసన్నా! మాకు నీళ్లు బయటే ఉండాల, లోపలికి రాకూడదు. మీకు లోపలే ఉండాల, బయటికి రాకూడదు. రెండింటికీ కాపలా ఒకటే గదా!"

ఆ తర్వాత నేను చాలా ఇళ్లలో పైపులు వేశాను. ఒక్క జాయింటు కూడా పెట్టెలో మూయలేదు. పని అయిన వారం తర్వాత మళ్లీ వెళ్లి చూడకుండా ఉండలేదు. కుళాయి తిప్పగానే ధారగా దూకే నీళ్లను చూసి ఇంటివాళ్లు మురిసిపోతారు. నేను మాత్రం వాళ్లను పక్కకు పిలిచి, కుళాయి కట్టేసి, కాసేపు ఊరికే నిలబడి జాయింట్ల కేసి చూడమని చెబుతాను. ఇంటికి ఏమవుతుందో తెలిసేది ధార ఆగిన తర్వాతే.